జడ అల్లినంత సేపు

మార్చిలో డాబా మీద మా సినిమా చూసినవాళ్లలో ముగ్గురు, ఆ తర్వాత ఫోను చేసి మరో ఇద్దరు ఒకటే అడిగారు: "ఇలాంటిది మేమూ తీయాలంటే ఏం చేయాలి?" అడిగిన ప్రతివారికీ సగం సగం చెప్పి వదిలేశాను. అది సరికాదనిపించి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. సినిమా పేరు 'మరువం'. నిడివి ఎనిమిది నిమిషాలు. పట్టిన కాలం దాదాపు పదిహేడు నెలలు. అయిన ఖర్చు 66,640 రూపాయలు. ఒక స్త్రీ మెడ, వీపు, జుట్టు. ఆ జుట్టు దువ్వి జడ అల్లే మరో స్త్రీ చేతులు. తెర మీద ఇంతకు మించి ఏమీ కనిపించదు.

2023 అక్టోబరు 17, మంగళవారం. నేను ఒక వార్తా ఛానెల్లో ఎడిటింగు చేస్తాను. స్వలింగ వివాహాల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు అది. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వివాహ హక్కును గుర్తించలేదు. పొద్దున పదకొండు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆ వార్తకే దృశ్యాలు కత్తిరించాను. పాత ఊరేగింపుల దృశ్యాలు వేసి, ముఖాలన్నీ మసకబార్చమన్నారు. ఒక్కో ముఖం మీద గుండ్రటి మసక పెట్టి, ఆ మనిషి ఎటు కదిలితే అటు దాన్ని జరుపుతూ పోవాలి. నలభై ముఖాల దాకా చేశాను. ఆ పని చేసిన చేతులు నావే. ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు. ముఖం కనిపించకపోవడం వేరు, ఉన్న ముఖాన్ని చెరిపేయడం వేరు అని పదిహేనేళ్ల ఉద్యోగంలో మొదటిసారి గట్టిగా అనిపించింది.

ముఖం కనిపించని జ్ఞాపకం నా దగ్గర ఒకటి ఉంది. 2006లో ఎం.ఏ. రెండో సంవత్సరం, అమ్మాయిల హాస్టలు. ఇద్దరికీ ఇరవై రెండేళ్లు. రోజూ పొద్దున ఏడున్నరకు ఆమె నా వెనక మంచం మీద కూర్చుని జడ వేసేది. నేను గోడ వైపు తిరిగి ఉంటాను కాబట్టి ఆ పావుగంటా ఆమె ముఖం నాకు కనిపించేది కాదు. మెడ మీద పడే ఊపిరి, చెవి వెనక నుంచి పాయ తీసే చిటికెన వేలు, చిక్కు తగిలిన చోట కుదుళ్లు గట్టిగా పట్టుకుని నొప్పి తెలియకుండా దువ్వే నేర్పు, ఇవే గుర్తున్నాయి. దువ్వడం అయిపోయాక కూడా దువ్వెన కాసేపు అలా నడుస్తూనే ఉండేది. ఇద్దరం మాట్లాడేవాళ్లం కాదు. ఆడవాళ్లు ఒకరికొకరు జడలు వేసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఆ అనుకోకపోవడంలోనే మేమిద్దరం ఏడాదిన్నర బతికాం. వార్డెను తలుపు తోసుకుని వచ్చినా భయం లేదు, చేతిలో దువ్వెన ఉంది కదా.

2018 సెప్టెంబరు 6న, ఇష్టపడి కలిసిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య బంధం 377 సెక్షను కింద నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పిన సాయంత్రం, ఆమె నంబరు సంపాదించాను. ఫోను చేయలేదు. ఐదేళ్లు ఆ నంబరు అలాగే ఉంది.

ఫోనుతో తీయవచ్చు కదా అని మీరు అడుగుతారు, అందరూ అడిగారు. ఫోనుతో తీస్తే వెంటనే చూసుకుంటాను, నచ్చకపోతే తీసేస్తాను. తీసేయడం నా ఉద్యోగం. తీసేయడానికి వీల్లేని పద్ధతి ఒకటి కావాలనిపించింది. అందుకే సూపర్ 8. ఇది 1965లో కొడాక్ సంస్థ ఇళ్లలో వాడుకోవడానికి తెచ్చిన చిన్న ఫిల్ము. డబ్బాకు 50 అడుగులు, అంటే 15 మీటర్లు. సెకనుకు 18 ఫ్రేముల చొప్పున తిరిగితే మూడు నిమిషాల ఇరవై సెకన్లు వస్తుంది, ఒక్క సెకను ఎక్కువ రాదు. ఇంకో కారణం కూడా ఉంది. నలుపు తెలుపు ఫిల్మును ఇంట్లోనే కడుక్కోవచ్చు, అంటే మందు నీళ్లలో ముంచి బొమ్మను తేల్చుకోవచ్చు. నా వీపును నాకంటే ముందు ఏ ల్యాబులోనూ ముక్కూ మొహం తెలియనివాళ్లు చూడరు.

కెమెరా హైదరాబాదులోని పాత సామాన్ల సంత, జుమ్మేరాత్ బజారులో దొరికింది. నవంబరు 9, గురువారం. పాత మిక్సీలు, తాళంచెవుల గుత్తుల మధ్య తోలు సంచీలో ఉంది. పదివేలు చెప్పి 6,500కు ఇచ్చాడు. మోటారు తిరిగింది. వెలుతురు కొలిచే లైట్ మీటరు ముల్లు మాత్రం కదలలేదు. దానికి పాదరసంతో చేసిన చిన్న బిళ్ల బ్యాటరీ కావాలి, అవి తయారు చేయడం ఎప్పుడో మానేశారు. రెండు వారాలు తిరిగాక ఒక పాత కెమెరా మెకానిక్ చెప్పాడు: వినికిడి యంత్రాల్లో వేసే 675 నంబరు బ్యాటరీ పెట్టండి. పాతది 1.35 వోల్టులు, ఇది 1.4. ఆ కాస్త తేడా పరవాలేదు. మందుల దుకాణంలో దొరుకుతుంది. దాని మీద ఉన్న కాగితం పీకాక గాలి తగిలి పనిచేయడం మొదలవుతుంది, కొన్ని వారాల్లో అయిపోతుంది. అందుకని షూటింగు పొద్దున దాకా ఆ కాగితం పీకకండి. శుభ్రం చేయించడానికి మరో 1,200 అయింది.

ఫిల్ము మా పిన్ని కొడుకు డాలస్ నుంచి తెచ్చాడు. నాలుగు డబ్బాలు, ఒక్కోటి 3,900 పడింది. లగేజీలో వేయవద్దని, చేతి సంచీలోనే తెచ్చి, ఎక్స్‌రేలో పెట్టకుండా చేత్తో తనిఖీ చేయమని అడగాలని వాడికి నాలుగుసార్లు చెప్పాను. బయలుదేరిన చోట ఒప్పుకున్నారు, దారిలో ఒక విమానాశ్రయంలో ఒప్పుకోలేదు. ఈ ఫిల్ము వేగం, అంటే వెలుతురును పట్టే చురుకు, 200 మాత్రమే కాబట్టి ఒక్కసారికి ఏమీ కాలేదు. ఆ సంగతి కడిగి చూసిందాకా తెలియదు కదా, రెండు నెలలు బెంగపడ్డాను.

ఇవన్నీ సమకూర్చుకుంటూ అసలు పనిని వాయిదా వేస్తున్నానని నాకు తెలుసు. ఈ జ్ఞాపకం నా ఒక్కదానిది కాదు. ఆమెను అడగాలి.

డిసెంబరు 3, ఆదివారం రాత్రి సందేశం పంపాను. తొమ్మిదిసార్లు రాసి కొట్టేశాక మిగిలింది ఇది: "హాస్టల్లో నువ్వు నాకు జడ వేయడం గురించి, ఆ మల్లెపూల వాసన గురించి ఒక చిన్న సినిమా తీయాలని ఉంది. నీ పేరు రాదు. నువ్వు వద్దంటే తీయను." నీలం రంగు టిక్కులు పది నిమిషాల్లో వచ్చాయి. జవాబు రాలేదు. నలభై ఒక్క రోజులు రాలేదు. ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. ఎడిటింగు గదిలో ఫోను బోర్లా పెట్టి పనిచేసేదాన్ని. ఆమె ఫోను ఇంట్లో ఇంకెవరైనా చూశారేమో, నా వల్ల ఆమెకు ఏమైనా అయిందేమో అని ఒకటే ఆలోచన. ఇలాంటి సందేశం పంపేవాళ్లకు ఒక మాట చెబుతాను: ముందు "మాట్లాడటానికి వీలవుతుందా" అని మాత్రమే అడగండి, విషయం రాయకండి. నేను ఆ జాగ్రత్త తీసుకోలేదు.

2024 జనవరి 13, తెల్లవారితే భోగి. రాత్రి పదకొండుంపావుకు జవాబు వచ్చింది. "ఇంటి నిండా చుట్టాలు. బట్టలు తీస్తానని మేడ మీదికి వచ్చాను. తియ్యి. నా పేరు, ఊరు, కాలేజీ ఎక్కడా రాకూడదు. నన్ను కనిపించమని అడగకు. అందరికంటే ముందు నాకు చూపించాలి." కింద ఇంకో సందేశం. "మల్లెపూలు కాదు. మల్లెలు పెడితే నీకు తలనొప్పి వచ్చేది. కనకాంబరాలు, మరువం కలిపి కట్టినవి."

ఆ రెండో సందేశం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పదిహేడేళ్లుగా నా జ్ఞాపకంలో మల్లెలే ఉన్నాయి. వాసనతో సహా ఉన్నాయి. కనకాంబరానికి వాసన ఉండదు. నేను మోసుకు తిరిగిన వాసన మరువానిది. ఆడదాని జడ, ఇష్టం, రాత్రి అనగానే మన పాటలన్నీ మల్లెల దగ్గరికే పోతాయి. అవి ఎప్పుడు వచ్చి నా జ్ఞాపకంలో కూర్చున్నాయో తెలియదు. మర్నాడు పొద్దున్నే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లి ఒక కట్ట మరువం కొని, మెట్రోలో కూర్చుని వాసన చూస్తే కళ్ల వెంట నీళ్లు ఆగలేదు. సినిమాకు పేరు అక్కడే దొరికింది. మరువం అంటే ఆ ఆకు. మరచిపోము అని కూడా. పేరు పెట్టింది ఆమె, పెడుతున్నానని ఆమెకు తెలియదు.

జడ వేసే మనిషి కావాలి. హైదరాబాదులో క్వీర్ మిత్రుల ద్వారా ఒక అమ్మాయి పరిచయమైంది. ఇరవై ఆరేళ్లు, ఆసుపత్రిలో నర్సు. నన్ను అక్కా అంటుంది. చేతులు మాత్రమే కనిపిస్తాయంటే సరేనంది. రోజుకు 3,000 ఇస్తానన్నాను, వద్దంది. తీసుకోకపోతే తీయనన్నాను. ఆమెకు ఇవ్వడానికి ఒప్పంద పత్రం తెలుగులో రాయబోయాను. అక్కడ చిక్కుపడ్డాను. సినిమా దేని గురించి అని రాయాలి? పేపర్లలో వాడే 'స్వలింగ సంపర్కం' అనే మాట రాయడానికి చేయి రాలేదు. అందులో డాక్టరు చీటీ కనిపిస్తుంది, మనుషులు కనిపించరు. మోహం అంటే పురాణం చదువుతున్నట్టుంది. వాంఛ అంటే తప్పు చేసినట్టుంది. చివరికి "ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఇష్టం" అని రాశాను. ఆ అమ్మాయి చదివి, "ఇష్టం సరిపోతుందక్కా, మా అమ్మకు కూడా అర్థమవుతుంది" అంది.

అసలు ఇబ్బంది తర్వాత బయటపడింది. ఆ అమ్మాయికి జడ వేయడం రాదు. ఎనిమిదో తరగతి నుంచీ జుట్టు కత్తిరించుకునే ఉంది. నేర్పింది మా అమ్మ. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, నా దగ్గరే ఉంటుంది. పాత చీర అంచు మూడు పీలికలుగా చింపి, కిటికీ ఊచకు ముడివేసి, ఆ అమ్మాయిని ముందు కూర్చోబెట్టింది. "కుడి పాయ మధ్యకు, ఎడమ పాయ మధ్యకు. బిగించకు, అలా అని జారనివ్వకు. వేలు పాయలో ఉండాలి, పాయ వేళ్లలో ఉండకూడదు." మూడు ఆదివారాలు నేర్పింది. సినిమా దేని గురించి అని అమ్మ అడగలేదు. నేనూ చెప్పలేదు.

కెమెరా పట్టింది నా స్నేహితురాలు, పెళ్లి వీడియోలు తీస్తుంది. ఫిబ్రవరి 11న మొదటి డబ్బా తీశాం. పరీక్షకు అనుకోండి. రవికె లేకుండా వీపు మొత్తం కనిపించాలని రాసుకున్నది నేనే. తీరా పీట మీద కూర్చున్నాక చేతులు చీర కొంగును వదల్లేదు. గొలుసు రాసుకుని నల్లబడిన మెడ, నడుము మీద మడతలు, నెరిసిన జుట్టు. ఇరవై రెండేళ్ల జ్ఞాపకాన్ని మోయడానికి వచ్చిన నలభై ఏళ్ల ఒళ్లు ఇది. జుట్టుకు రంగు వేసుకోవాలా వద్దా అని వారం రోజులు ఆలోచించి మానేశాను. అమెరికాలో బార్బరా హామర్ 1974లో నాలుగు నిమిషాల సినిమా ఒకటి తీసింది, ఆడవాళ్ల స్పర్శే అందులో కథ. ఎప్పుడో చూశాను. అందులో ఒళ్లు దాచుకున్నవాళ్లు ఎవరూ లేరు. అది గుర్తు తెచ్చుకుని కొంగు వదిలాను. ఆ తర్వాత మూడు నిమిషాల ఇరవై సెకన్లు కెమెరా కిర్రుమంటూ తిరిగింది. ఇంతకుముందు ఏ కెమెరా ముందూ నేను అంత నిమ్మళంగా కూర్చోలేదు.

ఇక కడగడం. ఈ ఫిల్మును ఇన్‌స్టంట్ కాఫీ పొడి, చాకలి సోడా, విటమిన్ సి కలిపిన నీళ్లతో కడగవచ్చు. లీటరు నీటికి కాఫీ 40 గ్రాములు, నీటి తేమ లేని సోడా 54 గ్రాములు, విటమిన్ సి 16 గ్రాములు. 20 డిగ్రీల వేడిలో 15 నిమిషాలు. తర్వాత బొమ్మను నిలిపే మందు, హైపో కలిపిన నీళ్లలో ఉంచి, బాగా జాడించాలి. దుకాణంలో సోడా అంటే వంట సోడా ఇచ్చేస్తారు, అది పనికిరాదు, బట్టలుతికే సోడా అని గట్టిగా చెప్పాలి. నేను అందులో పొరపాటు పడలేదు. కాఫీ దగ్గర పడ్డాను. ఫిబ్రవరి 24 రాత్రి మొదటి రీలు కడిగితే 15 మీటర్ల మీదా పలచటి పొగలాంటి మరకలే తప్ప బొమ్మ లేదు. కెమెరా పాడైందనుకున్నాను, ఎక్స్‌రే అనుకున్నాను, చివరికి నా రాత అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత కాఫీ సీసా తిప్పి చూస్తే వెనక చిన్న అక్షరాల్లో కాఫీ, చికోరీ మిశ్రమం అని ఉంది. మన ఇళ్లలో ఎక్కువగా వాడేది అదే. బొమ్మను తేల్చే గుణం కాఫీలో ఉన్నంత చికోరీలో లేదు. మీరు చేసేటట్టయితే అచ్చమైన కాఫీ పొడి కొనండి, చవక రకమైనా పరవాలేదు. ఆ రీలులో పోయింది నా వీపు ఒక్కటే కాదు, కొంగు వదలడానికి నేను పడ్డ పాటు కూడా. మళ్లీ అలా మొదటిసారి వదలలేను కదా.

మార్చి 10న రెండో డబ్బా. ఈసారి పూలు కూడా. ఇక్కడొక ఆశ లాగింది. నలుపు తెలుపులో నల్లటి జుట్టు మీద మల్లెలు వెలుగుతాయి, కనకాంబరాలు బూడిదరంగులో కలిసిపోతాయి. కెమెరా పట్టిన స్నేహితురాలు మల్లెలే పెడదామంది. చూడటానికి ఆమె మాటే నిజం. అయినా ఒప్పుకోలేదు. పదిహేడేళ్ల తర్వాత దిద్దిన తప్పును అందం కోసం మళ్లీ చేయలేను. అప్పుడు కెమెరాయే దారి చూపింది. ఈ కెమెరాల్లో లోపలే నారింజరంగు ఫిల్టరు ఒకటి ఉంటుంది, రంగుల ఫిల్ముకు పగటిపూట పనికొస్తుంది. నలుపు తెలుపు ఫిల్ముకు అక్కర్లేదు, మామూలుగా తీసేస్తారు. దాన్ని ఉంచితే అదే రంగున్న పూలు తేటపడతాయి. ఉంచాం. తెర మీద కనకాంబరాలు లేత బూడిదరంగులో, వెన్నెల పడిన గోడలా కనిపిస్తాయి. నాకు ఆ సినిమాలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ రంగే.

ఆ రోజే ఇంకో సంగతి తెలిసింది. చిక్కు తీసి, పాపిట చూసి, మూడు పాయలు అల్లి, రిబ్బను ముడి వేయడానికి నాలుగు నిమిషాల పైన పడుతుంది. ఫిల్ము మూడు నిమిషాల ఇరవై సెకన్లే. రిబ్బను చేతిలోకి తీసుకోగానే డబ్బా అయిపోయింది. ఆ అమ్మాయి ముడి వేస్తూనే ఉంది, కెమెరా ఖాళీగా తిరుగుతోంది. ఎవరం ఆపమనలేదు.

ఆ రీలు కడగడం ఏప్రిల్ 21 దాకా కుదరలేదు. అప్పటికి హైదరాబాదులో కుళాయి నీళ్లే 34 డిగ్రీలు. అంత వేడిలో ఫిల్ము మీద పూత మెత్తబడి ఊడిపోవచ్చు. రెండు ఐసుగడ్డలు కొని బకెట్టు చుట్టూ పేర్చాను. స్నానాలగదిలో కిటికీకి నల్లగుడ్డ, తలుపు కింద తడి తువ్వాలు. డబ్బాను పకడుతో పగలగొట్టి, చీకట్లో పదిహేను మీటర్ల ఫిల్మును బకెట్టులోకి వదిలి, చేతులతో కదుపుతూనే ఉండాలి. ఒకదానికొకటి అతుక్కుంటే ఆ చోట బొమ్మ రాదు. ఫోను వెలుగు కూడా పనికిరాదు, అందుకని తలుపు బయట కుర్చీ వేసుకుని అమ్మ గడియారం చూస్తూ నిమిషాలు చెప్పింది. "ఐదు... ఆరు... ఏం వాసనే ఇది, చచ్చిన ఎలుక వాసన... ఏడు." చీకట్లో ఆ ఫిల్ము చేతులకు తగులుతుంటే తలంటు పోసుకున్న పొడుగాటి జుట్టును నీళ్లలో జాడిస్తున్నట్టే ఉంది. లైటు వేసి, తడి ఫిల్మును బల్బు ముందు పెట్టి చూశాను. బొమ్మ ఉంది. తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా, గోరంత ఫ్రేములో, తెల్లటి జడ మీద నల్లటి వేళ్లు. ఒక రీలులో 3,600 ఫ్రేములుంటాయి. ఆ రాత్రి భూతద్దంతో ఎన్ని చూశానో తెలియదు.

మూడో డబ్బా జూన్ 16న తీశాం, మెడ మాత్రమే, చాలా దగ్గర నుంచి. కడిగాక చూస్తే కింది అంచున ఒక సన్నటి గీత ప్రతి ఫ్రేములోనూ ఉంది. కెమెరాలో ఫిల్ము ముందు ఉండే, వెలుతురు లోపలికి వచ్చే చిన్న కిటికీని గేటు అంటారు. అందులో వెంట్రుక ఇరుక్కుంది. సినిమా వాళ్లందరూ భయపడేది దీనికే, ప్రతి షాటు తర్వాతా టార్చి వేసి గేటు చూస్తారు. మేం చూడలేదు. రెండు రోజులు ఏడుపు ఆపుకోలేకపోయాను. ఎడిటింగులో ఆ అంచు కత్తిరించి చూశాను, కత్తిరించగానే మెడ కింది పుట్టుమచ్చ కూడా పోయింది. వెంట్రుకను ఉంచేశాను. అది నాదో, ఆ అమ్మాయిదో, దువ్వెన నుంచి ఎగిరిందో తెలియదు.

రెండు రీళ్లనూ కంప్యూటర్లోకి ఎక్కించడానికి ముంబై పంపాను. జులై 8న పంపితే ఆగస్టు 2న వచ్చాయి. కొరియరుతో కలిపి 6,500. శబ్దం అంతా ఇంట్లోనే, అర్ధరాత్రి దాటాక. నూనె రాసిన జుట్టును దువ్వితే చప్పుడు రాదు. తెర మీద నూనె జుట్టు, చెవికి పొడి జుట్టు. మూడు రోజులు తలకు నూనె మానేసి ఆ చప్పుడు పట్టుకున్నాను. ఎనిమిది నిమిషాల్లో దాదాపు రెండు నిమిషాలు తెర నల్లగా ఉంటుంది, దువ్వెన చప్పుడు, ఫ్యాను, ఊపిరి మాత్రమే. ఆ చీకటంతా పాడైపోయిన మొదటి రీలుకు వదిలిన చోటు. చీకటి మరీ ఎక్కువైందని చూసినవాళ్లన్నారు. బ్రిటిష్ దర్శకుడు డెరెక్ జార్మన్ చూపు పోతున్న రోజుల్లో, 1993లో, 79 నిమిషాలూ ఒక్క నీలం రంగే తెర మీద ఉంచి సినిమా పూర్తి చేశాడు. నావి రెండు నిమిషాలు. తగ్గించలేదు.

నవంబరు 3న, మాట ఇచ్చినట్టే, ముందు ఆమెకు లింకు పంపాను. పన్నెండు రోజులకు జవాబు. "పదకొండు సెకన్లు తీసెయ్యి. చిటికెన వేలు చెవి వెనక ఆగిన చోట. అది నాకే ఉండనీ." సినిమా మొత్తంలో అంత బాగా వచ్చిన షాటు ఇంకొకటి లేదు. దాని చుట్టూనే మిగతాది కుట్టాను. ఎడిటరుగా నాకు ప్రాణం పోయినంత పనైంది, కానీ మారు మాట్లాడలేదు. తీసేసి, మళ్లీ కుట్టడానికి మూడు వారాలు పట్టింది.

చిత్రోత్సవాల సంగతి ఎక్కువ చెప్పడానికి లేదు. పద్నాలుగింటికి పంపాను, రుసుములకే 21,400 అయింది. ఫిల్ముకు అయిన 15,600 కంటే ఎక్కువ. పదకొండు తిరస్కరించాయి, రెండు జవాబే ఇవ్వలేదు, యూరప్‌లో ఒక చిన్న ఉత్సవం ప్రయోగాత్మక విభాగంలో తీసుకుంది. ముందే తెలిస్తే ఐదింటితో ఆపేదాన్ని, రుసుము లేనివి ముందు వెతికేదాన్ని.

ఇక్కడ మనవాళ్లకు చూపించాలని ఒక హాలు మాట్లాడాను. ఐదువేలు అడ్వాన్సు తీసుకున్నారు. మూడు రోజులుందనగా పరిచయ వాక్యం పంపమన్నారు. "ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఇష్టం" అని చదివాక సెన్సారు సర్టిఫికెట్ ఉందా అన్నారు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగ ప్రదర్శనకు సర్టిఫికెట్ కావాలి, చిత్రోత్సవాలైతే కేంద్ర ప్రభుత్వం నుంచి మినహాయింపు తెచ్చుకుంటాయి. నిబంధన నిబంధనే. కానీ అదే హాలులో అంతకుముందు వారం ఒక పిల్లవాడి పుట్టినరోజు సినిమా వేసినప్పుడు ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. డబ్బు తిరిగి రావడానికి ఏడు వారాలు పట్టింది.

చివరికి 2025 మార్చి 2న మా అపార్టుమెంటు డాబా మీద, పిలిచిన స్నేహితులకే వేశాం. అద్దె ప్రొజెక్టరు, దుప్పటి, టీలు, అంతా కలిపి 4,100. ముప్ఫై ఒక్కమంది వచ్చారు. నెరిసిన జుట్టావిడ ఒకరు, నాకు పరిచయం లేదు, చీకటి వచ్చిన రెండు నిమిషాలూ పక్కనున్న ఆమె చేయి పట్టుకునే ఉన్నారు. అమ్మ వెనక వరసలో కూర్చుంది. అయిపోయాక మెట్లు దిగుతూ, "ఆ పిల్ల మూడో పాయ వదులుగానే వేసింది, ఎంత చెప్పినా" అంది. రెండు మెట్లు దిగాక, "మీ హాస్టలు పిల్ల బిగించి వేసేది. సెలవులకు నువ్వు ఇంటికొస్తే ఆ జడ మూడు రోజులున్నా ఊడేది కాదు. బాగుందా ఆ అమ్మాయి?" అని అడిగింది. బాగుందన్నాను. నా చేయి పట్టుకుని మిగతా మెట్లు దిగింది.

నాలుగో డబ్బా ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది, పెరుగు గిన్నె పక్కన, ప్లాస్టిక్ సంచీలో. చల్లగా ఉంటే ఫిల్ము చెడిపోదు. డాబా ప్రదర్శన గురించి ఆమెకు రాసినప్పుడు అది మిగిలిందని కూడా ఎందుకో రాశాను. నాలుగు నెలలు జవాబు లేదు. ఎదురుచూడటం ఈ మధ్య కాస్త అలవాటైంది, ఫోను బోర్లా పెట్టడం మానేశాను. జులై 13, ఆదివారం మధ్యాహ్నం ఎడిటింగు గదిలో ఉండగా సందేశం వచ్చింది.

"వచ్చే నెల పెళ్లికి హైదరాబాదు వస్తున్నాను. ఆ మిగిలిన డబ్బాలో ఎంతసేపు పడుతుంది?"

మూడు నిమిషాల ఇరవై సెకన్లు అని రాశాను.

"చాలదు. పాయలు ముందే తీసి ఉంచు."